కిష్మిష్ పళ్ళెం

మా ఇంట్లో సాయంత్రం కత్తిపీట వాల్చిన చప్పుడు వినబడగానే వరండా మూలనుంచి ఒక ఈల మొదలవుతుంది. సన్నగా మొదలై, ఎవరూ పట్టించుకోకపోతే ఇల్లంతా మారుమోగేలా పెరుగుతుంది. రమజాన్ నెలలో ఇఫ్తార్‌కు దోసకాయలు, పుచ్చకాయ కోసే వేళ ఆ ఈలకు అంతే ఉండదు. ఒక సాయంత్రం మా ఇంటికి ఇఫ్తార్‌కు వచ్చిన బంధువు ఒకాయన, వంటగదిలో కుక్కరు కూస్తోందేమో చూడమని మమ్మల్ని హెచ్చరించారు. కుక్కరు కాదని, అది కిష్మిష్ అని చెప్పాము. ఆయన ఎండుద్రాక్ష కూయడమేమిటని మరింత ఆశ్చర్యపోయారు.

కిష్మిష్ ఒక గినీ పిగ్. అరచేతికి కొంచెం మించిన ఒళ్ళు, తోక లేదు, గోధుమరంగు బొచ్చు, నుదుట తెల్లని సుడి. మూడేళ్ళ క్రితం విశాఖపట్నం నుంచి దానినీ, దాని తోబుట్టువు బాదంనూ తెచ్చుకున్నాము. మా పెద్దమ్మాయి ఖుర్ఆన్ పారాయణం మొదటిసారి పూర్తి చేసినప్పుడు ఏమి కావాలని అడిగితే, బట్టలూ వద్దు, బొమ్మలూ వద్దు, ఒక ప్రాణిని పెంచుకుంటానన్నది. కుక్క మాట మా ఇంట్లో రాదు. పిల్లికి చిన్నవాడు భయపడతాడు. ఈ జీవులు కరవవు, అరవవు అని ఎవరో చెప్పారు. కరవవన్నది చాలావరకు నిజం. అరవవన్నది ఎవరు చెప్పారో గాని, వారి ఇంట్లో కత్తిపీట లేదనుకుంటాము.

తెచ్చిన రోజునే చిక్కు వచ్చింది. పిల్లల దాదీ అప్పటికి జుహర్ నమాజు ముగించి తస్బీహ్ చదువుకుంటున్నారు. బుట్టలో ఏమిటని అడిగారు. మా చిన్నవాడు ఉత్సాహం పట్టలేక, బడిలో నేర్చుకున్న తెలుగంతా ఒలకబోస్తూ, "గినీ పంది, దాదీ!" అన్నాడు.

"నవూజుబిల్లాహ్! ఆ పేరు గల జంతువు మన గడప తొక్కడమా? ఈ బుట్ట ఎక్కడనుంచి వచ్చిందో అక్కడికే పోవాలి" అన్నారామె. ఆ పూట అన్నం కూడా ముట్టలేదు.

దాదీని ఒప్పించినది మా వాదన కాదు, మన తెలుగు భాష. ఈ ప్రాణికి పందితో ఏ సంబంధమూ లేదు. ఎలుక, ఉడుత జాతికి చెందిన కొరికే జంతువు. శాస్త్రజ్ఞులు పెట్టిన లాటిన్ పేరులో కూడా, కేవియా పోర్సెల్లస్ అని, పందిపిల్ల అనే మాట వచ్చి కూర్చుంది. పేరులోని గినీ కూడా తప్పే. అది ఆఫ్రికాలోని గినీ దేశానిది కాదు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో వేల ఏళ్ళనుంచి పెంచుతున్న ప్రాణి. 16వ శతాబ్దంలో ఓడలెక్కి ఐరోపా చేరింది. ఇవన్నీ చెబితే దాదీ వినలేదు. చివరకు పక్కింటి పెద్దాయన, పొలం పనులు చేసి పండిపోయిన మనిషి, గడప దగ్గర నిలబడే, "అమ్మా, పొలంలో గట్లు తవ్వేది పందికొక్కు. అది పందేనా? అడవిలో ముళ్ళు విసిరేస్తుందంటారే, ఏదుపంది, అది పందేనా? మనవాళ్ళు బలిసిన ప్రతిదానికీ పంది అని పేరు పెట్టేశారు, దాని ఖర్మ" అన్నాడు. ఏదుపంది నిజంగా ముళ్ళు విసరదు గాని, అతని మాటలోని సారం సరైనదే. పందికొక్కు అన్న మన మాటే ఇంగ్లీషులోకి పోయి బాండికూట్ అయింది, అదీ పంది కాదు. ఏదుపంది అయితే ఈ గినీ పిగ్‌కు దూరపు చుట్టమే. దాదీ ఆలోచనలో పడ్డారు. ఆ శుక్రవారం ఇమామ్ సాహెబును అడిగించారు. పేరును చూడవద్దు, ప్రాణిని చూడండి అని ఆయన జవాబు పంపారు. దైవప్రవక్త (స) కాలంలో హజ్రత్ అనస్ (రజి) తమ్ముడైన అబూ ఉమైర్ అనే పసివాడు ఒక చిన్న పిట్టను పెంచుకున్న సంగతి, దానిని గురించి ప్రవక్త (స) ఆ బాలుణ్ణి ఆప్యాయంగా పలకరించిన సంగతి కూడా గుర్తు చేశారు. పిట్టలు వాలాయి, బుట్ట ఉండిపోయింది. దాదీ మాత్రం ఆ పేరు నోట పలకలేదు. ఆమె పెట్టిన పేర్లే బాదం, కిష్మిష్.

ఇక మేము చేసిన తప్పు సంగతి చెప్పాలి. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

అమ్మిన దుకాణంలో ఒక సంచి గుళికల దాణా ఇచ్చారు. సంచిమీద కుందేలు బొమ్మ ఉంది. అడిగితే రెండింటికీ ఒకటే దాణా అన్నారు. నమ్మాము. దాణాతోపాటు ఏమి పెట్టాలో మేమే నిర్ణయించుకున్నాము. వేసవి అది. బొబ్బిలి ఎండ ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. చలువ చేస్తుందని దోసకాయ పెట్టాము. ముద్దుగా తింటాయని కేరట్ పెట్టాము. ఇంట్లో ఆవును మేపిన అలవాటు కొద్దీ చారెడు తవుడు వేశాము. ఆకుకూర పెడితే విరేచనాలవుతాయని ఎవరో భయపెట్టారు, కనుక ఆకు అన్నది చూపలేదు. పిల్లలు రోజూ పళ్ళెం నింపేవారు. ఆ రెండూ రోజూ పళ్ళెం ఖాళీ చేసేవి. ఇంతకన్న బాగా చూసుకునేవారెవరున్నారని మాలో మేమే సంతోషపడ్డాము.

నెల దాటింది. బాదం ఒక కాలు ఎత్తి నడవడం మొదలుపెట్టింది. పిల్లలు ఆడుతూ జారవిడిచి ఉంటారనుకొని వారిని కోప్పడ్డాము. నువ్వుల నూనె వెచ్చచేసి రాశాము. రాస్తుంటే అది కీచుమని అరిచింది. ముట్టుకుంటేనే నొప్పి అన్నమాట. రెండు రోజులకు వెనుక కాళ్ళు రెండూ ఈడ్చసాగింది. బొచ్చు గరుకుగా లేచింది. కేరట్ ముక్క దగ్గరకు వెళ్ళేది, వాసన చూసేది, నోట పెట్టేది, వదిలేసేది. చిగుళ్ళు నొప్పి అని మాకెలా తెలుస్తుంది? పెద్దలు ఒకరు, మా చిన్నవాడికి జ్వరానికి తెచ్చి మిగిలిన సీసాలోని అమాక్సిసిలిన్ మందు రెండు చుక్కలు పొయ్యమన్నారు. పొయ్యబోయి, ఎందుకో ఆగి, బంధువుల ద్వారా విశాఖలో ఒక పశువైద్యునికి ఫోను చేయించాము. ఆయన మొట్టమొదట చెప్పిన మాట ఆ సీసా మూత పెట్టేయమని. ఆ రకం యాంటిబయాటిక్‌ను నోటితో పడితే ఈ ప్రాణుల పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, చెడ్డవి పెరిగి, మందే విషమవుతుందట. రెండవ మాట, ఈ పూటే తీసుకురమ్మని.

తెల్లవారి రైలుకు బయలుదేరాము. బాదం దారిలోనే పోయింది. మా పెద్దమ్మాయి ఒడిలో ఉంది. విజయనగరం స్టేషను దాటాక గాని ఆ పిల్ల మాకు చెప్పలేదు. అంతవరకు దుపట్టా కప్పి, చేయి పెట్టుకొని కూర్చుంది.

బుట్టలో కిష్మిష్ మిగిలింది. అది కూడా అప్పటికే కుంటుతున్నదని మేము గమనించనే లేదు.

వైద్యుడు కాలు పట్టి చూడకముందే అడిగినది ఒక్కటే. ఏమి పెడుతున్నారు? చెప్పాము. కేరట్, దోసకాయ, తవుడు, కుందేలు దాణా. ఆకు? లేదు. కాప్సికం? లేదు. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఇది దెబ్బ కాదని, స్కర్వీ అని చెప్పారు. విటమిన్ సి లోపంవల్ల వచ్చే జబ్బు. పూర్వం నెలల తరబడి సముద్రం మీద ఎండు రొట్టెలతో బ్రతికిన నావికుల చిగుళ్ళు చీకి, కీళ్ళు వాచి, పాత గాయాలు తిరగబెట్టి చనిపోయేవారని పుస్తకాల్లో చదువుకున్న జబ్బు, మా వరండాలో, నిండు పళ్ళెం ముందు వచ్చింది.

దీని వెనుక ఉన్న కథ ఆ తర్వాత చదివి తెలుసుకున్నాము. ఆవు, మేక, కుందేలు, ఎలుక, కోడి, ఇవన్నీ తమకు కావలసిన విటమిన్ సిని తమ ఒంట్లోనే తయారు చేసుకుంటాయి. అందుకే కుందేలు దాణాలో దానిని కలపవలసిన పని తయారుచేసేవారికి ఉండదు. తయారు చేసుకోలేని జీవులు కొన్నే. మనుషులము మనం, కోతులు, కొన్ని గబ్బిలాలు, ఈ గినీ పిగ్‌లు. అల్లాహ్ సృష్టిలో ఈ అరచేతి ప్రాణికీ మనకూ ఈ ఒక్క విషయంలో పోలిక పెట్టడం చిత్రమే. ఆ పోలికే వైద్యశాస్త్రానికి ఉపకరించింది. నార్వేలో ఆక్సెల్ హోల్స్ట్, థియోడర్ ఫ్రోలిచ్ అనే ఇద్దరు, నావికులకు వచ్చే బెరిబెరి వంటి జబ్బును పరిశోధించబోయి, గినీ పిగ్‌లకు ధాన్యమూ రొట్టే మాత్రమే పెట్టి చూశారు. బెరిబెరి రాలేదు. స్కర్వీ వచ్చింది. కేబేజీ వంటి పచ్చి ఆహారం పెడితే తగ్గింది. 1907లో వారు ఈ సంగతి ప్రకటించారు. ఎలుకలమీద ప్రయోగించి ఉంటే ఏమీ కనబడేది కాదు, ఎలుక తన విటమిన్‌ను తానే చేసుకుంటుంది గదా. 1932లో హంగరీ శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ సెంట్-జార్జి, ఆయన సహాయకుడు కలిసి తాము వేరుచేసిన ఆమ్లమే విటమిన్ సి అని నిరూపించినది కూడా గినీ పిగ్‌ల మీదనే. 1937లో సెంట్-జార్జికి నోబెల్ వచ్చింది. మనం ప్రయోగానికి గురయ్యే మనిషిని ఇంగ్లీషులో గినీ పిగ్ అంటాము. హోల్స్ట్ ఆ ప్రాణులకు కావాలనే పెట్టిన తిండిని, ఇరవయ్యొకటో శతాబ్దంలో మేము తెలియక పెట్టాము. తేడా అంతే.

కిష్మిష్‌కు వైద్యుడు విటమిన్ సి చుక్కలు ఇచ్చారు. నాలుగు రోజులకు అది రెండు అడుగులు వేసింది. వారం తిరిగేసరికి ఈల వినబడింది. ఇంటిల్లిపాదీ ఏడ్చాము. మా పెద్దమ్మాయి మాత్రం ఏడవలేదు. ఆ రాత్రి ఇషా తర్వాత మా దగ్గరకు వచ్చి కూర్చొని, "అమ్మీ, అబ్బా, బాదంను మనమే చంపామా?" అని అడిగింది.

మక్తబ్‌లో ఆ పిల్ల ఒక హదీసు నేర్చుకుంది. పిల్లిని కట్టేసి, తిండి పెట్టక, నేలమీది పురుగునైనా ఏరుకొని తినడానికి విడిచిపెట్టక చంపిన స్త్రీ, దాని కారణంగా శిక్షకు గురయినదన్న హదీసు, బుఖారీ గ్రంథంలోనిది. అది దాని మనసులో పడి ఉంది. తిండి పెట్టాము కదా అందామనుకున్నాము. కాని ఆ మాట నోట రాలేదు. పెట్టిన తిండి కడుపు నింపింది, ప్రాణం నిలపలేదు. పైగా పంజరంలో ఉంచినది మేమే. బయట ఉంటే తనకు కావలసిన ఆకేదో తానే వెతుక్కునేది. మేము జవాబు వెతుక్కుంటూ ఉండగా దాదీ, "ఆ మనిషికి తెలిసి పెట్టలేదు బేటీ. మనకు తెలియక పెట్టాము. ఇప్పుడు తెలిసింది, ఇకమీద లెక్క అడుగుతారు" అన్నారు. పిల్ల ఓదార్పు పొందిందో లేదో మాకు తెలియదు. మరునాడు ఒక నోటుపుస్తకం తీసి గీతలు గీసింది. తేదీ, బరువు, ఏ ఆకు, ఎంత. ఆ పుస్తకం ఇప్పటికీ నడుస్తున్నది. ప్రతి జుమా తర్వాత వంటింటి త్రాసులో గిన్నె పెట్టి కిష్మిష్‌ను తూస్తుంది. జబ్బునాడు 710 గ్రాములున్నది, ఇప్పుడు 960.

ఆ పుస్తకంలో పోగైన అనుభవమే ఇక్కడ రాస్తున్నాము. ఈ మధ్య ముస్లిం కుటుంబాల్లోనూ ఈ ప్రాణులను పెంచే పిల్లలు కనబడుతున్నారు. పుట్టినరోజు కానుకగానో, ఈద్ కానుకగానో తెస్తున్నారు. తెచ్చేవారు మా మాదిరిగా దుకాణం మాట నమ్మి పోకూడదని మా కోరిక.

దీని అసలు ఆహారం కూర కాదు, గడ్డి. రోజంతా, ఎప్పుడు పడితే అప్పుడు, ఎంత కావాలంటే అంత. దీని పళ్ళు ఇరవై, అన్నీ జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. గరుకైన గడ్డి నమిలితేనే అరుగుతాయి. లేకపోతే పెరిగి, నాలుక కదలనీయకుండా చేసి, ఆకలితో చంపుతాయి. పేగులు కూడా పీచు కదిలిస్తేనే కదులుతాయి. విదేశీ పుస్తకాలన్నీ తిమోతి గడ్డి అంటాయి. అది పొట్లాల్లో ఖరీదుగా వస్తుంది. మేమూ కొన్నాళ్ళు తెప్పించాము. తర్వాత తెలిసిందేమంటే, వారు మెచ్చుకునే గడ్డిజాతుల్లో బెర్ముడా గడ్డి కూడా ఉంది, ఆ బెర్ముడా గడ్డి మరేదో కాదు, మన గరికే. వేగావతి ఒడ్డున, పొలం గట్లమీద, మా పెరట్లో బావిగట్టు పక్కన అంతటా ఉన్నదే. పొరుగువారు వినాయకచవితికి కోసుకుపోయే గరికను మా కిష్మిష్ పండుగ లేకుండానే ఏడాది పొడుగునా తింటున్నది. కోసి, కడిగి, నీడన ఆరబెట్టి ఉంచుతాము. ఒక్క జాగ్రత్త. రోడ్డు పక్క గడ్డి కోయకూడదు, కుక్కలు తిరిగే చోటిది కోయకూడదు, కలుపుమందు కొట్టిన గట్టు దరిదాపులకు పోకూడదు. మందు కొట్టారో లేదో గట్టు యజమానిని అడగడానికి మొహమాటపడవద్దు. వరిగడ్డి వేస్తే సరిపోదా అని చాలామంది అడిగారు. పడకగా పరచడానికి పనికివస్తుంది గాని, దానిలో పోషణ తక్కువ.

కూర అన్నది గడ్డి తర్వాత. ఎదిగిన ఒక్కదానికి రోజుకు సుమారు ఒక టీ కప్పు నిండేంత. దానిలో తప్పనిసరిగా విటమిన్ సి ఉన్నది ఒకటి. ఆరోగ్యంగా ఉన్న ప్రాణికి ఒంటి బరువు కిలోకు రోజుకు 10 నుంచి 30 మిల్లీగ్రాములు కావాలి, చూలుతో ఉన్నదానికి ఆ ఎక్కువ లెక్కే. మేము పెట్టిన దోసకాయలో గాని, కేరట్‌లో గాని నూరు గ్రాములకు పది మిల్లీగ్రాములు కూడా ఉండవు. నీటిలో విటమిన్ మాత్ర కరిగించి పెట్టమని కొందరు చెబుతారు. వెలుతురుకు, గాలికి అది గంటల్లో బలం కోల్పోతుంది, రుచి మారితే ప్రాణి నీళ్ళు తాగడం మానేస్తుంది. అది నమ్మదగిన దారి కాదు. దాని కోసమే తయారైన దాణా దొరికినా, సంచిమీది తేదీ చూడాలి. తయారై మూడు నెలలు దాటితే దానిలోని విటమిన్ సి చాలావరకు పోయిందని లెక్కవేసుకోవాలి.

మాకు చేయూత అయినది బుట్టమిరప, అదే కాప్సికం. నూరు గ్రాములలో వంద మిల్లీగ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. గింజలు, తొడిమ తీసి, రెండు వేళ్ళ వెడల్పు ముక్క ఒక్కటి ఇస్తే ఆ రోజుకు చాలు. పచ్చిమిరప ఇవ్వకూడదని వేరే చెప్పనక్కరలేదనుకున్నాము, కాని మా చిన్నవాడు రెండూ మిరపేగా అని ఒకనాడు బజ్జీల మిర్చితో పంజరం దగ్గర పట్టుబడ్డాడు గనుక చెబుతున్నాము. బొబ్బిలి బజారులో కాప్సికం ధర కొన్ని వారాలు మండిపోతుంది. అప్పుడు కొత్తిమీర నాలుగైదు రెమ్మలు, పుదీనా ఒకటి రెండు రెమ్మలు. జామపండు కాలంలో బొటనవేలి గోరంత ముక్క వారానికి ఒకటి రెండుసార్లు. జామలో విటమిన్ సి కాప్సికం కన్న ఎక్కువే, తీపి కూడా ఎక్కువే, అందుకే గోరంత. ఉసిరికాయ పెట్టి చూశాము. కిష్మిష్ ఒకసారి కొరికి, మావైపు చూసి, ఆ రోజంతా వీపు తిప్పుకొని కూర్చున్నది.

మొక్కజొన్న మా జిల్లాలో బాగా పండుతుంది. కండె మీది పచ్చి పొత్తులు, లేత ఆకులు, కండె కొస జుట్టు, ఇవి దానికి పండుగ. గింజలు మాత్రం వద్దు. ఆనపకాయ, కొన్నిచోట్ల సొరకాయ అంటారు, బీరకాయ, దోసకాయ నీటికి బాగుంటాయి. ఒక ముక్క ముందు మనం నాలుకపై పెట్టుకొని చేదు లేదని చూసి ఇవ్వాలి. ఆ జాతి కాయల్లో చేదంటే విషమని మన పెద్దలకు తెలిసినదే. కేరట్ ముక్క వారానికి రెండు రోజులు, రూపాయి బిళ్ళంత. తీపి మరిగితే గడ్డి మానేస్తుంది, అదే ప్రమాదం. టమాటా పండు చిన్న ముక్క పరవాలేదు. దాని ఆకూ కాడా పచ్చికాయా పనికిరావు.

ఆకుకూరల దగ్గర మేము మొదట మరో వైపు తప్పు చేశాము. ఆకు లేకే బాదం పోయిందన్న భయంలో ప్రతి ఆకూ పెట్టసాగాము. తోటకూర, పాలకూర, మునగాకు, గోంగూర, పోపులోకి తెచ్చిన కరివేపాకు. మునగాకులో విటమిన్ సి పుష్కలమని చదివి గుప్పెళ్ళతో వేశాము. ఒకనాడు పంజరం అడుగున పరచిన గుడ్డపై మూత్రం ఎండి సున్నం గీసినట్టు కనబడింది. ఫోను చేస్తే వైద్యుడు మందలించారు. మునగాకు, కరివేపాకుల్లో కాల్షియం మిక్కుటం. తోటకూర, పాలకూర, చుక్కకూర, గోంగూరల్లో ఆక్సలేటు ఉంటుంది. ఈ ప్రాణికి మూత్రాశయంలో రాళ్ళు తేలికగా పడతాయి. మూత్రానికి కూర్చొని కీచుమన్నా, ఎర్రగా పడినా ఆలస్యం చేయకూడదు. అప్పటినుంచి ఆ ఆకులు ఎప్పుడైనా ఒక రెమ్మ, అదీ వారం విడిచి వారం. కేబేజీ, కాలీఫ్లవరు కడుపు ఉబ్బిస్తాయి. దీనికి వాంతి చేసుకొనే శక్తి లేదు. లోపలికి పోయినది బయటికి తిరిగి రాదని గుర్తుంచుకుంటే చాలు, సగం జాగ్రత్తలు వాటంతట అవే వస్తాయి. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప, నానబెట్టిన శనగలు, అన్నం, రొట్టె, బిస్కెట్టు, పాలు పంజరం దగ్గరకు రాకూడదు.

బిస్కెట్టు మాట వచ్చింది గనుక అతిథుల సంగతి చెప్పాలి. మన ఇళ్ళలో వచ్చినవారికి ఖాళీ చేతులు చూపము, వారూ ఖాళీ చేతులతో పంజరం దగ్గర నిలబడరు. ఈద్‌నాడు సేమ్యా పాయసం చెంచాతో పట్టబోయిన మామయ్య ఉన్నారు. వారి చేతిని ఆపితే మనసు నొచ్చుకుంటారు, ఆపకపోతే కిష్మిష్ కడుపు నొచ్చుకుంటుంది. మేము పంజరం పైన చిన్న డబ్బాలో తరిగిన కాప్సికం ముక్కలు ఉంచడం మొదలుపెట్టాము. పెట్టాలన్న ముచ్చట ఉన్నవారు అందులోంచి ఒకటి పెడతారు. డబ్బా ఖాళీ అయితే ఆనాటికి అంతే. బక్రీద్‌కు ముందు ఇంకో చిక్కు. కుర్బానీ కోసం తెచ్చిన మేకకు పిల్లలు పనసాకులు, సుబాబుల్ కొమ్మలు తెచ్చి పోస్తారు. మా గొల్లపల్లి వీణలకు పనసకర్ర వాడతారు గనుక ఈ చుట్టుపక్కల పనసచెట్టుకు గౌరవం ఎక్కువ, ఆకు కూడా మంచిదేనని పిల్లల నమ్మకం. మేక కడుపు వేరు, ఈ ప్రాణి కడుపు వేరు. మేకకు అరిగేదంతా దీనికి అరగదు. మేకనూ కిష్మిష్‌నూ పెరటికి చెరో చివర ఉంచాము.

ఏ కొత్త ఆకైనా మొదటిరోజు వేలెడంత. ఒక్కసారి ఒక్కటే కొత్తది. రెండు మూడు రోజులు పెంటికలు గట్టిగా, ఒకే తీరుగా ఉంటే అప్పుడు కొంచెం పెంచవచ్చు. మెత్తబడితే కూరలన్నీ ఆపి గడ్డి మాత్రమే. పళ్ళెంలో మిగిలినది రెండు మూడు గంటల్లో తీసేయాలి, వేసవిలో ఇంకా ముందే. కూరలను ధారగా పోసిన నీటిలో రెండు మూడుసార్లు కడుగుతాము, ఆకుకూరలయితే పది నిమిషాలు నానబెట్టి కడుగుతాము. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లని ముక్కను వెంటనే పెట్టము. ఒక పూటంతా ఏమీ తినలేదంటే, పెంటికలు పడలేదంటే, రేపు చూద్దామనుకోకూడదు. మేము రేపు చూద్దామనుకున్నాము.

బాదం పోయిన తర్వాత కిష్మిష్ ఒంటరిదయింది. ఇవి గుంపుగా బ్రతికే ప్రాణులు, ఒంటరితనం వీటికి పడదు. మరొకటి తేవడానికి మా పెద్దమ్మాయి ఆరు నెలలు ఒప్పుకోలేదు. నోటుపుస్తకంలో ఆరు నెలల పేజీలు చూపి, ఇప్పుడు తేవచ్చని తానే అన్నది. కొత్తదానికి దాదీ అంజీర్ అని పేరు పెట్టారు.

ఇవాళ సాయంత్రం అసర్ తర్వాత కత్తిపీట వాలింది. రెండు ఈలలు. దాదీ మోకాళ్ళు పట్టుకొని లేచి, ఫ్రిజ్ దగ్గర తడుముకొని, కొత్తిమీర కట్ట కొంగు చాటున పెట్టుకొని వరండాలోకి నడిచారు. మా పెద్దమ్మాయి పుస్తకంలోంచి తలెత్తకుండానే, "దాదీ, వాళ్ళ కొత్తిమీర పొద్దునే అయిపోయింది. రాసి ఉంది" అన్నది.

"రాసుకో, ఇంకో రెండు రెమ్మలు" అన్నారు దాదీ.